నర్సింగ్ పాసయ్యాక మొదటి మూడేళ్లు: ఏ ఉద్యోగం, ఏ చదువు, ఏది ముందు?

నర్సింగ్ డిప్లొమా అయిన జీఎన్‌ఎం పాసై, నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ చేతికొచ్చిన వారంలోనే రెండు చోట్ల నుంచి పిలుపు వచ్చిందనుకుందాం. ఒకటి సొంత ఊళ్లోని 30 పడకల నర్సింగ్ హోమ్. జీతం నెలకు 20 వేలు, ఇంటి నుంచే వెళ్లిరావచ్చు. రెండోది హైదరాబాద్‌లోనో విజయవాడలోనో 250 పడకల ఆస్పత్రి. జీతం 17 వేలు, అందులోంచే హాస్టల్ కట్టుకోవాలి. ఇంట్లోవాళ్లు మొదటిదే మేలంటారు. రెండేళ్లకు జీతంలోనే 72 వేల తేడా, హాస్టల్ ఖర్చు దానికి అదనం కాబట్టి వాళ్లు చెప్పేదీ సబబుగానే కనిపిస్తుంది.

అయినా రెండోదాంట్లోనే చేరమంటాం. జీఎన్‌ఎం చదివినవాళ్లు ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ పరీక్ష, అంటే నార్సెట్ రాయాలంటే కనీసం 50 పడకల ఆస్పత్రిలో రెండేళ్ల అనుభవం చూపించాలి. 30 పడకల చోట ఐదేళ్లు చేసినా ఆ నిబంధన కింద లెక్కలోకి రాదు. విదేశాల్లో ఉద్యోగమిచ్చేవాళ్లు కూడా ముందుగా అడిగేవి ఆస్పత్రి స్థాయి, చేసిన విభాగం, వరుసగా ఎన్నాళ్లు చేశారన్నది. మొదటి ఉద్యోగాన్ని జీతంతో కాకుండా, రెండేళ్లు గడిచాక అది ఇచ్చే అనుభవ పత్రంతో తూచాలి. కింద చెప్పే ప్రతి ఎంపికనూ ఈ లెక్కతోనే చూశాం.

ప్రభుత్వ ఉద్యోగం ఒకటి కాదు, మూడు రకాలు

"గవర్నమెంట్ జాబ్‌కి ప్రిపేర్ అవుతున్నా" అని ఉద్యోగంలో చేరకుండా ఇంట్లో కూర్చునేవాళ్లు చాలామంది ఉన్నారు. ఏ ప్రభుత్వ ఉద్యోగం అన్నది తేల్చుకోకుండా అలా కూర్చుంటే నష్టపోతారు. కేంద్రం, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ మూడూ మూడు పద్ధతుల్లో ఎంపిక చేస్తాయి.

నార్సెట్‌లో పరీక్షే సర్వస్వం. ప్రిలిమ్స్, మెయిన్స్ అని రెండు దశలు, తప్పు జవాబుకు మూడో వంతు మార్కు కోత. ఉద్యోగం కేంద్ర వేతన శ్రేణుల్లో లెవెల్ 7, మూల వేతనం 44,900 రూపాయల నుంచి మొదలవుతుంది, డీఏ, ఇతర భత్యాలు దానిపైన. మంగళగిరి, బీబీనగర్ ఎయిమ్స్‌లతో పాటు దేశంలో ఎక్కడైనా పోస్టింగ్ పడొచ్చు. రైల్వేలో నర్సింగ్ సూపరింటెండెంట్ పోస్టు కూడా ఇదే లెవెల్. నార్సెట్‌లో ఇబ్బంది వయసుతో. సాధారణ పరిమితి 30 ఏళ్లు. ఓబీసీకి మూడేళ్లు, ఎస్సీ, ఎస్టీలకు ఐదేళ్లు సడలింపు ఉంటుంది. నియామకాల్లో 80 శాతం మహిళలకు, 20 శాతం పురుషులకు కేటాయిస్తారు. అందుకే మగపిల్లలకు పోటీ చాలా గట్టిగా ఉంటుంది. వాళ్లు నార్సెట్ ఒక్కదాన్నే నమ్ముకోకుండా ఎమర్జెన్సీలోనో, ఐసీయూలోనో అనుభవం పోగుచేసుకుంటూ రాయడం మంచిది.

తెలంగాణలో నియామకాలు చేసేది వైద్య ఆరోగ్య సేవల నియామక బోర్డు. 2022 చివర్లో 5,204 పోస్టులకు, 2024లో 2,050 పోస్టులకు నోటిఫికేషన్లు వచ్చాయి. 100 మార్కుల్లో 80 రాతపరీక్షకు, 20 ప్రభుత్వ సంస్థల్లో కాంట్రాక్ట్ లేదా అవుట్‌సోర్సింగ్ సేవకు. వేతన స్కేలు 36,750 నుంచి 1,06,990. వయోపరిమితి 40 దాటాకా ఉంటుంది కాబట్టి ఇక్కడ కంగారు పడక్కర్లేదు.

ఆంధ్రప్రదేశ్‌లో వైద్య ఆరోగ్య శాఖ రీజనల్ డైరెక్టర్ల ద్వారా జరిగిన కాంట్రాక్ట్ స్టాఫ్ నర్స్ నియామకాలకు రాతపరీక్ష లేదు. కోర్సు మార్కులకు 75, పాసై ఎన్నేళ్లయిందన్నదానికి ఏడాదికి ఒకటి చొప్పున 10 వరకు, కాంట్రాక్ట్ సేవకు 15 వరకు. సేవ మార్కులు గిరిజన ప్రాంతంలో ప్రతి ఆరు నెలలకు 2.5, గ్రామీణంలో 2, పట్టణంలో 1. 80 శాతంతో పాసై రెండేళ్లయిన అమ్మాయికి 60, 2 కలిపి 62 వస్తాయి. 65 శాతమే ఉన్నా పాసై ఆరేళ్లయి, గ్రామీణ ప్రాంతంలో రెండున్నరేళ్లు కాంట్రాక్ట్ పనిచేసినామెకు 48.75, 6, 10 కలిపి 64.75. మార్కులు తక్కువున్నా ఆమే ముందుంటుంది. గిరిజన ప్రాంతంలో మూడేళ్లు చేస్తే 15కు 15 వస్తాయి. అదే 15 పట్టణంలో రావాలంటే ఏడున్నరేళ్లు పడుతుంది. పాడేరు వైపు పీహెచ్‌సీలో కాంట్రాక్ట్ పోస్టు దొరికితే "అంత దూరమా" అని వదిలేసే ముందు ఈ లెక్క ఒకసారి వేసుకోండి.

ఇంకా చదువుతున్నవాళ్లు ఒకటి గమనించాలి. ఆంధ్రలో ప్రయత్నించేవాళ్లకు కోర్సు మార్కులు జీవితాంతం వెంటవస్తాయి. "పాసైతే చాలు, ఎలాగూ పరీక్ష రాయాలి కదా" అనుకోవడం నార్సెట్ విషయంలో నడుస్తుంది, ఇక్కడ నడవదు.

వయసును బట్టి వరుస ఇలా తేలుతుంది. 30లోపు నార్సెట్, ఇతర కేంద్ర పరీక్షలు. రాష్ట్ర పోస్టులు వాటితో పాటుగానో, ఆ తర్వాతో. చాలామంది దీన్ని తిరగేసి, రాష్ట్ర నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తూ కేంద్ర పరీక్షల వయసు దాటించుకుంటున్నారు.

పత్రాల దగ్గర ఆగిపోయేవాళ్లు కూడా ఎక్కువే. తెలంగాణలో స్థానికతకు ఒకటి నుంచి ఏడో తరగతి వరకు, ఆంధ్రలో నాలుగు నుంచి పదో తరగతి వరకు స్టడీ సర్టిఫికెట్లు కావాలి. బెంగళూరులో చదివినవాళ్లు ముందు కర్ణాటక కౌన్సిల్‌లో రిజిస్టరై, తర్వాత సొంత రాష్ట్రానికి మార్చుకోవాలి. నోటిఫికేషన్ వచ్చాక మొదలుపెడితే గడువులోపు పూర్తికాదు. కాంట్రాక్ట్ సేవ చేసినవాళ్లు నోటిఫికేషన్‌లో ఇచ్చిన నమూనాలో, అందులో చెప్పిన అధికారి సంతకంతోనే సేవా ధ్రువపత్రం తీసుకోవాలి. అవుట్‌సోర్సింగ్ ఏజెన్సీ ఇచ్చిన కాగితం చెల్లదు.

జీఎన్‌ఎం తర్వాత పోస్ట్ బేసిక్: ఇప్పుడా, ఆగాకా?

జీఎన్‌ఎం చదివినవాళ్లు డిగ్రీ కోసం చేసే పోస్ట్ బేసిక్ బీఎస్సీ రెగ్యులర్‌గా రెండేళ్లు. నార్సెట్‌కు పోస్ట్ బేసిక్ ఉంటే అనుభవం అక్కర్లేదు. జీఎన్‌ఎంతో వెళ్లాలంటే రెండేళ్ల అనుభవం కావాలి. అంటే ఏ దారిలో వెళ్లినా అర్హత వచ్చేది రెండేళ్ల తర్వాతే. ఒక దారిలో జీతం వస్తుంది, రెండోదాంట్లో ఫీజు పోతుంది. నెలకు 17 వేలు వదులుకుంటే రెండేళ్లలో 4,08,000 రూపాయలు, కాలేజీ ఫీజు, హాస్టల్ దానిపైన. నార్సెట్ ఒక్కటే లక్ష్యమైతే పోస్ట్ బేసిక్‌లో చేరడం అనవసరం. ఉద్యోగం చేస్తూ చదవండి.

పోస్ట్ బేసిక్ నిజంగా పనికొచ్చేది వేరే చోట్ల. ఎంఎస్సీ చేయాలన్నా, మిలిటరీ నర్సింగ్ సర్వీస్‌కు వెళ్లాలన్నా డిగ్రీ ఉండాలి. గ్రామ స్థాయి ఆరోగ్య కేంద్రాల్లో కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్ పోస్టుకు కూడా చాలాచోట్ల డిగ్రీయే అడుగుతారు. ఈ చివరి పోస్టునే మన దగ్గర ఎంఎల్‌హెచ్‌పీ అంటున్నారు. దీనికి జాతీయ ఆరోగ్య మిషన్ నమూనా నెలకు 25 వేల స్థిర వేతనం, పనితీరును బట్టి 15 వేల వరకు ప్రోత్సాహకం. మామూలు బీఎస్సీ ఉంటే సరిపోదు. అందులో సీసీహెచ్‌ఎన్ అనే కమ్యూనిటీ హెల్త్ సర్టిఫికెట్ పాఠ్యాంశం కలిసి ఉండాలి, లేదా ఆరు నెలల బ్రిడ్జి కోర్సు చేయాలి. కాబట్టి కాలేజీలో చేరేటప్పుడే సీసీహెచ్‌ఎన్ కలిపి చెబుతున్నారా అని అడగండి. నైట్ డ్యూటీలు పడనివాళ్లకు, పిల్లలు పుట్టాక సొంత జిల్లాలో ఉండాలనుకునేవాళ్లకు ఇది మంచి ఉద్యోగం. ఐసీయూ నైపుణ్యం మాత్రం ఇక్కడ అరిగిపోతుంది. రెండేళ్లు దాటాక మళ్లీ పెద్దాస్పత్రి ఐసీయూకు వెళ్లడం కష్టమవుతుంది.

ఉద్యోగం వదలలేనివాళ్లకు దూరవిద్య విశ్వవిద్యాలయం ఇగ్నో పోస్ట్ బేసిక్ ఉంది. రిజిస్ట్రేషన్ తర్వాత రెండేళ్ల అనుభవం, ప్రవేశ పరీక్ష, కనీసం మూడేళ్ల చదువు. సీట్లు తక్కువ. ప్రాక్టికల్స్‌కు సెలవు ఇవ్వడానికి మీ నర్సింగ్ సూపరింటెండెంట్ ముందే ఒప్పుకోవాలి. లేకపోతే మధ్యలో ఆగిపోతుంది. విదేశాలకు వెళ్లే ఆలోచన ఉంటే, దూరవిద్య డిగ్రీని ఆ దేశ నియంత్రణ సంస్థ ఎలా చూస్తుందో ఫీజు కట్టకముందే రాసి అడగండి.

"హాజరు కాకపోయినా డిగ్రీ ఇప్పిస్తాం, ఉద్యోగం చేసుకోండి" అనే కాలేజీల జోలికి వెళ్లకండి. అదే రెండేళ్లలో ఒక ఊళ్లో ఉద్యోగం, ఇంకో ఊళ్లో రెగ్యులర్ డిగ్రీ చూపిస్తే వెరిఫికేషన్‌లో రెండూ ఒకదాన్నొకటి కొట్టేస్తాయి. అప్పుడు డిగ్రీ ఒక్కటే కాదు, నిజంగా చేసిన ఉద్యోగం కూడా అనుమానంలో పడుతుంది.

మొదటి ఆస్పత్రిలో చేరేముందు

జీతం సంగతి ముందు. 2016లో సుప్రీంకోర్టు ఆదేశం మేరకు ఏర్పడ్డ నిపుణుల కమిటీ ప్రైవేటు నర్సుల జీతాలకు ఒక కొలత సూచించింది. 200 పడకలు దాటితే రాష్ట్ర ప్రభుత్వ నర్సుతో సమానం. 100 దాటితే అంతకంటే 10 శాతానికి మించి తగ్గకూడదు. 50 నుంచి 100 వరకైతే 25 శాతానికి మించి తగ్గకూడదు. 50 కంటే తక్కువైనా 20 వేలకు తగ్గకూడదు. ఇది సిఫారసు మాత్రమే, చాలాచోట్ల అమలు కావడం లేదు. అది అన్యాయమే. అయినా జీతం మాట్లాడేటప్పుడు ఈ లెక్క చేతిలో ఉంటే అడగడానికి ధైర్యం వస్తుంది.

ఇంటర్వ్యూలో మొహమాటపడకుండా అడగాల్సినవి: ఏ విభాగంలో వేస్తారు, ఆ విభాగంలో ఎన్నాళ్లు ఉంచుతారు? ఐసీయూలో వెంటిలేటర్ పేషెంటుకు ఒక నర్సు, మిగతావాళ్లకు ఇద్దరికొకరు ఉన్నారా? కొత్తవాళ్ల పక్కన సీనియర్‌ను ఎన్ని వారాలు ఉంచుతారు? నెలకు ఎన్ని నైట్లు, నైట్ తర్వాత ఆఫ్ ఉందా? నోటీసు ఎన్ని నెలలు? పీఎఫ్ కడతారా? 20 మంది, ఆపైన ఉద్యోగులున్న సంస్థకు పీఎఫ్ తప్పనిసరి. 21 వేల వరకు జీతమున్నవాళ్లకు ఈఎస్ఐ వర్తిస్తుంది.

పీఎఫ్ గురించి ఇంతగా చెప్పడానికి కారణం పొదుపు ఒక్కటే కాదు. రేపు ఆస్పత్రి మూతపడినా, యాజమాన్యం మారినా, మీరు అక్కడ పనిచేశారనడానికి పీఎఫ్ ఖాతా, బ్యాంకులో పడ్డ జీతం సాక్ష్యంగా నిలబడతాయి. కవర్లో నగదు ఇచ్చే చోట ఆ సాక్ష్యం ఉండదు.

ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరికీ ఇవ్వకండి. చూపించి, నకళ్లు ఇచ్చి వెనక్కి తెచ్చుకోండి. బాండ్ పేరుతో ఒరిజినల్స్ బీరువాలో పెట్టుకున్న ఆస్పత్రి నుంచి వాటిని విడిపించుకునేలోపే కౌన్సెలింగ్ తేదీలు, సర్టిఫికెట్ పరిశీలన తేదీలు దాటిపోతాయి. ఖాళీ చెక్కు, సంతకం చేసిన ఖాళీ స్టాంపు కాగితం అడిగితే అక్కడ చేరకపోవడమే మంచిది.

ఇక విభాగం. ఐసీయూ, ఎమర్జెన్సీ, ఆపరేషన్ థియేటర్ అనుభవానికి ఎక్కడికెళ్లినా గిరాకీ ఉంది. మూడింట్లో ఐసీయూ ముందు నేర్చుకుంటే మిగతావి తేలిక, ఎందుకంటే వెంటిలేటర్, ఇన్ఫ్యూజన్ పంపు, ఆర్టీరియల్ లైన్, గంటగంటకూ ఇన్‌పుట్ అవుట్‌పుట్ లెక్క అన్నీ ఒకే మంచం దగ్గర నేర్చుకుంటారు. అయితే పాసైన నెలలోనే, పక్కన సీనియర్ లేకుండా, నలుగురు పేషెంట్లను అప్పగించే ఐసీయూకు వెళ్లకండి. మందుల తప్పులు ఎక్కువగా జరిగేది అలాంటి చోటే, వాటి భారం పడేది నర్సు రిజిస్ట్రేషన్ మీదే. ఆర్నెల్లు జనరల్ వార్డులో చేసి, తర్వాత ఐసీయూకు మారడం నిదానమైన దారి, నిలకడైన దారి. డయాలసిస్ యూనిట్‌లో పని త్వరగా పట్టుబడుతుంది, నైట్లు తక్కువ. కాకపోతే మూడేళ్లు అక్కడే ఉంటే మిగతా విభాగాల తలుపులు మూసుకుపోతాయి. హోమ్ కేర్‌లో జీతం బాగున్నట్టు కనిపించినా పడకల లెక్కలో అది ఆస్పత్రి అనుభవం కాదు. మొదటి ఉద్యోగంగా వద్దు.

వదిలేటప్పుడు తీసుకోవాల్సిన అనుభవ పత్రంలో ఇవన్నీ ఉండాలి: పోస్టు పేరు, పూర్తికాలపు ఉద్యోగం అన్న మాట, చేరిన తేదీ, రిలీవ్ అయిన తేదీ, విభాగం, ఆస్పత్రి పడకల సంఖ్య, సంతకం చేసినవారి పేరు, హోదా, ఆస్పత్రి అధికారిక ఫోను, ఈమెయిలు. గల్ఫ్‌కు వెళ్లేటప్పుడు డేటాఫ్లో సంస్థ నేరుగా ఆస్పత్రికే రాసి నిర్ధారించుకుంటుంది. జవాబు రాకపోతే మీ రెండేళ్లూ ధ్రువీకరణ లేనివిగా మిగిలిపోతాయి. నోటీసు కాలం పూర్తిచేయకుండా చెప్పకుండా మానేసినవాళ్లకు ఎక్కువగా ఎదురయ్యే ఇబ్బంది ఇదే.

పేరు విషయం మన తెలుగువాళ్లకు ప్రత్యేకం. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా, పెళ్లయ్యాక ఆధార్‌లో భర్త ఇంటిపేరుతో ఉంటుంది. మూడు పేర్లతో మూడు మనుషుల్లా కనిపిస్తారు. పాస్‌పోర్టును పదో తరగతి మెమో ప్రకారమే, ఇంటిపేరు విడదీసి తీసుకోండి. కౌన్సిల్ రిజిస్ట్రేషన్, అనుభవ పత్రం అదే వరుసలో రాయించుకోండి. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకోవాల్సిన అవసరం లేదు. మార్చాలనుకుంటే అన్నిటిలో ఒకేసారి మార్చండి.

ఎంఎస్సీకి తొందర వద్దు

ఎంఎస్సీకి బీఎస్సీలో 55 శాతం, ఒక ఏడాది అనుభవం కావాలి. రెండేళ్ల కోర్సు. దీనితో తెరుచుకునేది ముఖ్యంగా బోధన. పడక దగ్గర పనిలో ఎంఎస్సీకి చాలా ఆస్పత్రులు అదనంగా ఇచ్చేది స్వల్పమే. నర్సింగ్ సూపరింటెండెంట్ స్థాయికి వెళ్లేటప్పుడు అది అక్కరకొస్తుంది, కానీ అప్పటికి పదేళ్ల వార్డు అనుభవం కూడా అడుగుతారు. బోధన మీద నిజంగా ఇష్టం ఉంటే రెండు మూడేళ్లు వార్డులో చేసి వెళ్లండి. వార్డు చూడని ట్యూటర్ చెప్పే పాఠం పిల్లలకు ఇట్టే తెలిసిపోతుంది. తనిఖీ రోజున వచ్చి కనిపిస్తే చాలు అంటూ కాగితం మీద ఫ్యాకల్టీగా రాసుకునే కాలేజీలకు సర్టిఫికెట్లు ఇవ్వకండి. అదే సమయంలో వేరేచోట చేసిన అసలు ఉద్యోగం దానివల్ల చెల్లకుండా పోతుంది. వార్డులోనే ఎదగాలనుకునేవాళ్లకు క్రిటికల్ కేర్, ఆంకాలజీ, నవజాత శిశువుల సంరక్షణ లాంటి ఏడాది స్పెషాలిటీ కోర్సులు ఎంఎస్సీ కంటే చవక, పనికి దగ్గర.

విదేశం: దేశాన్ని బట్టి తయారీ మారుతుంది

గల్ఫ్‌కు భాషా పరీక్ష అడ్డు కాదు. కంప్యూటర్ మీద రాసే లైసెన్సు పరీక్ష ప్రోమెట్రిక్, డేటాఫ్లో ధ్రువీకరణ, మీ మీద చర్యలేవీ లేవని కౌన్సిల్ ఇచ్చే గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్ ప్రధానం. చాలా పోస్టులకు రెండేళ్ల ఆస్పత్రి అనుభవం, మధ్యలో ఖాళీ లేకుండా అడుగుతారు. ఇల్లు కట్టుకోవడం, అప్పు తీర్చడం లాంటి అవసరం ముందున్నవాళ్లకు త్వరగా తేలే దారి ఇదే.

బ్రిటన్‌కు ఇంగ్లీషే పెద్ద మెట్టు. ఐఈఎల్‌టీఎస్‌లో వినడం, చదవడం, మాట్లాడడంలో 7, రాయడంలో 6.5 కావాలి. వైద్యరంగంలో పనిచేసేవాళ్లకు పెట్టే ఇంగ్లీషు పరీక్ష ఓఈటీ అయితే మూడింట్లో బి, రాయడంలో సి ప్లస్. ఓఈటీ ఫీజు బాగా ఎక్కువ. కానీ అందులో రాయాల్సింది పేషెంటు రికార్డు చూసి రెఫరల్ ఉత్తరం. తెలుగు మీడియంలో చదివి, వార్డులో హ్యాండోవర్ రాసి రాసి అలవాటైనవాళ్లకు ఐఈఎల్‌టీఎస్ వ్యాసం కంటే అదే నయం. తర్వాత కంప్యూటర్ పరీక్ష సీబీటీ ఫీజు 83 పౌండ్లు, అక్కడికెళ్లాక చేసి చూపించే ప్రాక్టికల్ పరీక్ష ఓస్కీ 794 పౌండ్లు. 2024 నుంచి అక్కడి ప్రభుత్వాస్పత్రుల్లో విదేశీ నర్సుల నియామకాలు బాగా తగ్గాయి. ఆఫర్ లేకుండా అన్ని పరీక్షలకూ డబ్బు కట్టేయడం ఇప్పుడు మంచిది కాదు. ఇంగ్లీషు పరీక్ష ఒక్కటి పాసై ఆగండి.

జర్మనీకి ఫీజుల కంటే కాలం ఎక్కువ పెట్టాలి. మధ్యస్థాయి అయిన బీ1 జర్మన్‌కు పూర్తిగా కూర్చుని చదివితే ఎనిమిది నుంచి పది నెలలు పడుతుంది. నర్సుగా గుర్తింపుకు సాధారణంగా దాని పై మెట్టు బీ2 అడుగుతారు. గుర్తింపు వచ్చేదాకా సహాయక నర్సుగానే పని, జీతమూ ఆ మేరకే. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా భాషా శిక్షణతో వెళ్లొచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్ అలాంటి సంస్థే. అమెరికాకు నర్సు లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్ హైదరాబాద్‌లోనే రాయొచ్చు, కానీ ఉద్యోగం మీద అక్కడ స్థిరపడేందుకు ఇచ్చే ఈబీ3 వీసాకు భారతీయుల వరుస పదేళ్లు దాటింది. 22 ఏళ్లకు ఎన్‌క్లెక్స్ రాసి వీసా కోసం మిగతావన్నీ ఆపుకోవడం సరికాదు.

ఏజెంటు విషయంలో చట్టం స్పష్టంగా ఉంది. లైసెన్సున్న రిక్రూటింగ్ ఏజెంటు వసూలు చేయగలిగింది గరిష్ఠంగా 30 వేలు, 18 శాతం జీఎస్టీతో కలిపి 35,400 రూపాయలు, అదీ రసీదుతో. లైసెన్సు నంబరును ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోవచ్చు. సౌదీ, కువైట్, ఖతార్, ఒమన్, యూఏఈ సహా 18 దేశాలకు నర్సుగా వెళ్లాలంటే, మామూలుగా క్లియరెన్స్ అక్కర్లేని ఈసీఎన్ఆర్ పాస్‌పోర్టు ఉన్నా సరే, ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలి. "ముందు విజిట్ వీసా మీద రా, అక్కడికొచ్చాక మారుస్తాం" అన్నారంటే ఆ క్లియరెన్స్‌ను తప్పించుకుంటున్నారన్నమాట. అలా వెళ్లినవాళ్లకు జీతం రాకపోయినా, పాస్‌పోర్టు లాక్కున్నా, ఇక్కడి రికార్డుల్లో వాళ్లు నర్సుగా వెళ్లినట్టే ఉండదు. ఒప్పంద పత్రం అరబిక్‌లో ఒకలా, ఇంగ్లీషులో ఒకలా ఉండడం కూడా జరుగుతుంది. మూల వేతనం, డ్యూటీ గంటలు, వసతి, ఏడాదికి సెలవు, తిరుగు టికెట్ ఎవరిది అన్న అయిదూ రెండింట్లోనూ ఒకేలా ఉన్నాయని చదివించుకున్నాకే సంతకం పెట్టండి.

ఎక్కడికెళ్లినా ఇక్కడి కౌన్సిల్ రిజిస్ట్రేషన్ బతికి ఉండాలి. ఐదేళ్లకోసారి రెన్యువల్, దానికి 150 గంటల నిరంతర నర్సింగ్ విద్య చూపించాలి. ఆస్పత్రిలో జరిగే ప్రతి శిక్షణకూ, సదస్సుకూ సర్టిఫికెట్ అడిగి తీసుకుని, గంటలు రాసి ఒక ఫైల్లో పెట్టుకుంటే ఏడాదికి 30 గంటలు పెద్ద కష్టం కాదు. ఐదో ఏడు చివర్లో 150 గంటలు ఒకేసారి తేవాలంటే మాత్రం దొరకవు.